పాత చెక్క లేత్ అదురుతోంది: ముందు బేరింగులు మార్చాలా, నడిపి చూడాలా?

నాచారం కొత్త సభ్యుడు:
మూతపడిన ఒక ఫర్నిచర్ షెడ్డు నుంచి గత నెలలో 18,000 రూపాయలకు చెక్క లేత్ కొన్నాను. మన మిస్త్రీలు ఖరాదు అనేది దీన్నే. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 1440 ఆర్‌పీఎం, వేగం మార్చుకోవడానికి నాలుగు మెట్ల పుల్లీ. నెమ్మది మెట్టు మీద మంచపు కోళ్ళు బాగానే వస్తున్నాయి. మూడో మెట్టుకు మార్చగానే లేత్ బెడ్డు మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు తొణికేంతగా అదురుతోంది, కోడు మీద అలల్లాంటి గీతలు పడుతున్నాయి. పైగా స్విచ్ వేసినప్పుడు మోటారు ఒక్కోసారి గుయ్యిమని మూలిగి ఆగిపోతుంది, పుల్లీని చేత్తో తోస్తే తిరుగుతుంది. దేనితో మొదలుపెట్టాలి?

బాలానగర్ ఫిట్టర్:
హెడ్‌స్టాక్, అంటే చెక్కను తిప్పే ఇరుసు (స్పిండిల్) ఉండే భాగం, విప్పి రెండు బేరింగులూ మార్చండి. ఎన్నేళ్ళు మూలన పడి ఉందో తెలియని యంత్రంలో గ్రీజు గట్టిపడి, గుండ్లు తిరిగే దారిలో తుప్పు పట్టి ఉంటుంది. మీ స్పిండిల్‌కు 6205 నంబరు బేరింగు పడుతుందనుకుంటున్నాను, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52. రాణిగంజ్‌లో దొరుకుతుంది. సీ3 గుర్తు ఉన్నదే అడగండి.

అంకుడుకర్ర:
ఫిట్టర్ గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. యంత్రం విప్పకముందే తెలుసుకోగలిగినవి చాలా ఉన్నాయి. బెల్టు తీసేసి మోటారును ఒంటరిగా తిప్పండి. అదురు అలాగే ఉంటే తప్పు మోటారులోనో దాని పుల్లీలోనో ఉన్నట్టు, పోతే బెల్టు నుంచి స్పిండిల్ వరకు ఎక్కడో ఉన్నట్టు. మోటారు మూలుగు వేరే జబ్బు, దాన్ని దీనితో కలపవద్దు. మోటారును మొదట కదిలించే స్టార్టింగ్ కెపాసిటర్ బలహీనపడినా, వేగం అందుకున్నాక దాన్ని తప్పించే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ పాయింట్లు మాడి కలవకపోయినా మోటారు చేత్తో తోస్తేనే కదులుతుంది. దయచేసి ఇక చేత్తో తోయవద్దు. కెపాసిటర్ ముట్టుకునే ముందు ప్లగ్గు పీకి, దాని రెండు కొనలకూ బల్బు తీగలు తాకించి నిలవ ఉన్న కరెంటును ఖాళీ చేయండి. ఇంకొక మాట, చెక్క లేత్ స్పిండిల్‌కు సీ3 అవసరం లేదు.

ఉప్పల్ చెక్కపని:
నాలుగు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయా?

బాలానగర్ ఫిట్టర్:
సీ3 అవసరం లేదని ఎలా అంటారు? నా షెడ్డులో రెండు లేత్‌లకు అవే వేశాను, నాలుగేళ్ళుగా చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

అంకుడుకర్ర:
సీ3 అంటే గుండ్లకూ రింగులకూ మధ్య మామూలు కంటే ఎక్కువ ఖాళీ వదిలిన బేరింగు. షాఫ్టు వేడెక్కి ఉబ్బే చోట, మోటార్లలో, ఆ ఖాళీ పనికి వస్తుంది. మన స్పిండిల్ గంటసేపు నడిచినా గోరువెచ్చగానే ఉంటుంది కనుక ఆ ఖాళీ పూడదు, ఉలి ఆనగానే స్పిండిల్ ఆ మేరకు ఊగుతుంది. ఆయన అడిగింది అదురు గురించే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బాలానగర్ ఫిట్టర్:
మీరు చెప్పే ఖాళీ వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ గ్లాసులో నీళ్ళు తొణకడానికి అది కారణమంటే నేను ఒప్పుకోను.

ఉప్పల్ చెక్కపని:
సీ3 గొడవకు వేరే చర్చ తెరవండి. ఆయన లేత్ ఇంకా అదురుతూనే ఉంది.

అంకుడుకర్ర:
నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. మా నాన్నగారికి ఒక పాత లేత్ ఉండేది. అదురు మొదలైనప్పుడు చూడటానికి వచ్చిన మెకానిక్ దాన్ని ఒక్కసారైనా తిప్పి చూడకుండా బేరింగులు మార్పించాడు, తగ్గకపోతే షాఫ్టు వంగిందన్నాడు. చేతిలో డబ్బు లేక నాన్నగారు దాన్ని తుక్కు ధరకు అమ్మేశారు. కొన్నాయన పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే, వదులైన గ్రబ్ స్క్రూ బిగించుకుని అదే లేత్ మీద ఏళ్ళ తరబడి పని చేసుకున్నాడు. ముందు విప్పండి అనే సలహా విన్నప్పుడల్లా నాకు అదే గుర్తుకు వస్తుంది. విప్పి బిగించాక అసలు తప్పు ఎక్కడుందో ఇక ఎప్పటికీ తెలియదు.

బాలానగర్ ఫిట్టర్:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. నా సంగతి కూడా వినండి. అరిగిన బేరింగుతో వచ్చిన ఒక సెకండ్‌హ్యాండ్ లేత్‌ను నడిపి శబ్దం విందామని అన్నది నేనే. స్పిండిల్ కొనకు బిగించే పళ్ళెం, అదే ఫేస్‌ప్లేట్, మీద పది అంగుళాల గిన్నె చెక్క బిగించి ఉంది, దాన్ని తీయకుండానే స్విచ్ వేశాను. ఉలి ఆనించగానే స్పిండిల్ ఊగి చెక్క దాన్ని లాక్కుంది, పొట్టి స్క్రూలు ఊడిపోయాయి, గిన్నె ఎగిరి పక్కన నిలబడ్డ కుర్రవాడి చెంప ఎముకకు తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. ఆ కుర్రవాడు మళ్ళీ నా షెడ్డుకు రాలేదు. బేరింగు ధర ఎంతన్నది నాకు లెక్కలోకి రాదు. అనుమానం ఉన్న యంత్రాన్ని తెలియని మనిషి చేత నడిపించడమే నాకు ఇష్టం లేదు. నా అభ్యంతరం మొదటి నుంచీ అదే, సరిగ్గా చెప్పలేకపోయాను.

అంకుడుకర్ర:
ఇప్పుడు అర్థమైంది. చెక్క ఎక్కించకుండా, ఫేస్‌ప్లేట్ కూడా తీసేసి, తక్కువ వేగం మెట్టు నుంచి మొదలుపెట్టి, పుల్లీలు తిరిగే వరుసలో కాకుండా పక్కకు జరిగి, ముఖానికి షీల్డు పెట్టుకుని నడపాలని నా మొదటి జవాబులోనే రాయవలసింది. రాయకపోవడం నా తప్పు. అలా నడపడం వల్ల ప్రమాదం ఉందంటే మాత్రం ఇప్పటికీ అంగీకరించను. ఇక స్పిండిల్ సంగతి తేల్చడానికి నడపవలసిన పని కూడా లేదు. ప్లగ్గు పీకి, కొన దగ్గర చిన్న కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి, చెక్కముక్కతో పైకి ఎత్తి చూస్తే ప్లే, అంటే వదులు, ఎంత ఉందో ముల్లే చెబుతుంది.

నాచారం కొత్త సభ్యుడు:
ఇద్దరూ చెప్పినవి చేశాను. బెల్టు తీస్తే మోటారు నున్నగా తిరిగింది. బెల్టును చేతిలో పట్టుకుని చూస్తే, ఏళ్ళ తరబడి చిన్న పుల్లీ చుట్టూ వంగి ఉన్న భాగం అలాగే గట్టిపడిపోయింది, సాగదీసినా గూనిలా మళ్ళీ వంగుతోంది. కొత్త బెల్టు వేసి, నేలకు ఆనని వెనక కాలు కింద రేకు ముక్క పెట్టాక అదురు చాలావరకు తగ్గింది. కెపాసిటర్ ఉబ్బి ఉంది, మార్చాక మోటారు వెంటనే లేస్తోంది. అయితే డయల్ గేజ్ ముల్లు 0.12 మిల్లీమీటర్లు కదిలింది, స్పిండిల్‌ను చేత్తో తిప్పితే ముందు బేరింగులో ఇసుక నలిగినట్టు తెలుస్తోంది. మూడో మెట్టు మీద గీతలు ఇంకా పూర్తిగా పోలేదు.

అంకుడుకర్ర:
అంత ప్లే ఉంటే బేరింగులు మార్చవలసిందే. ఇందులో ఫిట్టర్ గారి మాట నిజమైంది.

బాలానగర్ ఫిట్టర్:
బెల్టు విషయంలో మీ మాట నిజమైంది. సీ3 గురించి నా అభిప్రాయం మారలేదు, అయినా ఆయన యంత్రం కాబట్టి మామూలు 6205 వేద్దాం. నాచారం సభ్యులు గారూ, సుత్తితో మాత్రం కొట్టకండి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా లోపలికి పోయి, కొత్త బేరింగు మొదటి రోజే సొట్టలు పడుతుంది. లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్కతోనే నెట్టాలి. నా దగ్గర పాత బేరింగు ఊడదీసే పుల్లర్ ఉంది. ఆదివారం ఉదయం తీసుకుని నేనే నాచారం వస్తాను. అప్పటివరకు ఫేస్‌ప్లేట్ ఎక్కించవద్దు.