42 వేలలో తమ్ముడికి ల్యాప్‌టాప్: ఏ కంపెనీని నమ్మొచ్చు?

నర్సంపేట అక్క:
అందరికీ నమస్తే. మాది నర్సంపేట, బట్టలు కుట్టే షాపు నడుపుతాను. మా తమ్ముడికి హన్మకొండలో సీఎస్‌ఈ సీటు వచ్చింది. వాడి కోసమే పోయిన నెల చిట్టీ ఎత్తాను, 42 వేలు చేతికొచ్చాయి. అంతకు మించి పెట్టలేను, ఈఎంఐ జోలికి పోను.

ఒకసారి దెబ్బతిన్నాం, అందుకే ఈ టెన్షన్. వాడు ఇంటర్‌లో ఉన్నప్పుడు 27 వేలు పెట్టి ఒకటి కొన్నాం. పదో నెలలో మూత తెరుస్తుంటే ఎడమ పక్క టప్పున పగిలింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు అన్నారు, 6,500 అడిగారు. అప్పటి నుంచి మూత వెనక ఇటుక ఆనించి చదువుకున్నాడు.

రోజూ బస్సులో పోయి వస్తాడు. సాయంత్రం నా షాపులోనే కటింగ్ టేబుల్ చివర కూర్చుంటాడు. నాలుగు షాపులు తిరిగాను, ఎవరి దగ్గర ఏది ఉంటే అదే మంచి కంపెనీ అంటున్నారు. ఈసారి నాలుగేళ్లు నిలవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

చౌరస్తా మెకానిక్:
అక్కా, హన్మకొండలో పదకొండేళ్లుగా ల్యాప్‌టాప్ రిపేర్లే నా పని. మీ తమ్ముడిది ఎలా పోయిందో చూడకుండానే చెప్పగలను, అలాంటివి వారానికి రెండు మూడు నా టేబుల్ మీదికి వస్తాయి. కింది బాడీ ప్లాస్టిక్‌లో చిన్న ఇత్తడి నట్లు దిగేసి ఉంటాయి. మూత హింజ్, అంటే మూత తిరిగే కీలు, దాని స్క్రూలు బిగించేది వాటికే. హింజ్ బిర్రుగా ఉండి, ఒక మూల పట్టుకుని మూత లేపితే బలమంతా ఆ పక్క నట్ల మీదే పడుతుంది. నట్టు చుట్టూ ప్లాస్టిక్ కొద్దికొద్దిగా చిట్లుతుంది, ఒకరోజు నట్టు స్క్రూను పట్టుకుని ఊడొస్తుంది. తప్పు మీ తమ్ముడిది కాదు, వాడిని ఏమీ అనకండి.

ఇక కంపెనీ. హెచ్‌పీ, డెల్, లెనోవో, ఆసుస్, ఏసర్ ఏదైనా సరే, ఒకే కంపెనీ రెండు రకాలు చేస్తుంది: ఇంటి కోసం ఒకటి, ఆఫీసుల కోసం ఒకటి. లెనోవోలో ఐడియాప్యాడ్ ఇంటిది, థింక్‌ప్యాడ్ ఆఫీసుది. హెచ్‌పీలో పెవిలియన్, ప్రోబుక్. డెల్‌లో ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్. డెల్ వాళ్లు 2025లో ఆ పేర్లు మార్చి డెల్, డెల్ ప్రో అని పెట్టారు. ఆఫీసు రకం కొత్తది మీ డబ్బుకు అందడం కష్టం. కాబట్టి పేరు చూసి కాదు, చేత్తో చూసి కొనండి. షాపులో మూత మధ్యలో ఒక్క వేలు పెట్టి లేపండి. మూతతో పాటు కింది భాగం కూడా లేస్తే హింజ్ మరీ బిర్రు, పక్కన పెట్టేయండి. కీబోర్డు మధ్యలో నొక్కితే గుంటలా దిగినా వద్దు.

తర్వాత ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ. 8 జీబీ ఉంటే ఇప్పటికి నడుస్తుంది, రెండో ఏడాదికి చాలదు. ఇంకో ర్యామ్ పెట్టుకునే ఖాళీ స్లాట్ ఉందా అని అడగండి. సోల్డర్డ్ (బోర్డుకే అతికించేసింది) అని, స్లాట్ లేదని చెబితే అది జన్మలో పెరగదు.

మీరు కటింగ్ టేబుల్ అన్నారు కాబట్టి ఒక మాట. గుడ్డ నూగు ఫ్యాన్‌లోకి పోతుంది. ఫ్యాన్‌కూ, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రేకులకూ మధ్య మెత్తటి చాపలా అట్టకడుతుంది, పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వస్తుంది. వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్ దగ్గరి అడ్తి దుకాణాల నుంచి వచ్చే వాటిలోనూ పత్తి నూగుతో ఇదే తంతు. గాలి ఆడక వేడెక్కి స్లో అవుతుంది, జనం ప్రాసెసర్ పోయిందనుకుంటారు. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి. పరుపు మీద పెట్టి వాడనివ్వకండి.

కాజీపేట సీఎస్‌ఈ:
అక్కా, నేను థర్డ్ ఇయర్. అన్న చెప్పినవన్నీ కరెక్ట్. ప్రాసెసర్ గురించి ఒకటి కలుపుతాను. ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్లలో 7000 సిరీస్ అంటే అంతా కొత్తదనుకోవద్దు. నంబర్‌లో మూడో అంకె చూడాలి, లోపలి డిజైన్ ఏ తరానిదో అదే చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే పాత డిజైన్, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు). 7530యూ అయితే జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా స్టిక్కర్ రైజెన్ 5 అనే ఉంటుంది. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ ఎప్పుడూ బోర్డుకు అతికించే ఉంటుంది. ఇంటెల్‌లో ఐ3-1215యూ దొరికినా ఫస్ట్ ఇయర్‌లో సీ, పైథాన్‌కు హాయిగా సరిపోతుంది.

జనగామ సార్:
అమ్మా, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయంలో రీఫర్బిష్డ్, అంటే వాడినవి బాగుచేసి అమ్మే ఆఫీసు ల్యాప్‌టాప్‌లు దొరుకుతాయి, మా పిల్లలు చాలామంది అవే తెచ్చుకుంటారు. థింక్‌ప్యాడ్ టీ480 లాంటివాటిలో ర్యామ్ స్లాట్లు రెండు ఉంటాయి, ఒక బ్యాటరీ బయట నుంచే మార్చుకోవచ్చు. ఇంటెల్ అయితే 8వ జనరేషన్ కంటే పాతది మాత్రం వద్దు, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. బయోస్‌కు (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులకు) పాస్‌వర్డ్ లేదని అక్కడే చూపించమనండి. వారంటీ కాగితం మీద రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనండి.

చౌరస్తా మెకానిక్:
సార్ మాట నిజమే. కానీ తేడా వస్తే సికింద్రాబాద్ పోవాలి. నర్సంపేట నుంచి అది ఒక రోజు పని, షాపు మూసుకుని పోవాలి కదా. కొత్తది కొంటే వారంటీ ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా అడగండి. క్యారీ-ఇన్ అయితే మీరే సర్వీస్ సెంటర్‌కు మోసుకుపోవాలి. ఆన్‌సైట్ అయితే మనిషే ఇంటికొస్తాడు, నర్సంపేట పిన్‌కోడ్‌కు వస్తాడో లేదో ముందే కనుక్కోండి. కొన్న రోజే సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వారంటీ తేదీ చూడండి. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ కింద ఉంటుంది.

నర్సంపేట అక్క:
అందరికీ పేరుపేరునా దండాలు. సికింద్రాబాద్ పోవడం నా వల్ల కాలేదు, కొత్తదే తీసుకున్నాం. మొదటి షాపులో వేలితో మూత లేపితే మొత్తం లేచింది. రెండో షాపు అతనికి ర్యామ్ స్లాట్ సంగతే తెలియదు. మూడో షాపు అబ్బాయి ఫోన్‌లో ఆ మోడల్ బొమ్మ తీసి ఖాళీ స్లాట్ ఎక్కడుందో చూపించాడు, అతని దగ్గరే కొన్నాం. లెనోవో, ఐ3-1215యూ, 8 జీబీ, 39,800 అయింది. మిగిలిన 2,200 ర్యామ్ కోసం పక్కన పెట్టాను, ముట్టుకోను.

అన్నా, మీరు చెప్పబట్టి వారంటీ చూశాం. సైట్‌లో నలభై రోజులు ముందు నుంచే మొదలైనట్టుంది. బిల్లు పంపితే నాలుగు రోజుల్లో సరిచేశారు. మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు.

వాడి కుర్చీ, స్టూలు మిషన్‌కు దూరంగా, కిటికీ పక్కకు జరిపాను. మూత రెండు చేతులతో మధ్యలో పట్టుకుని తెరుస్తున్నాడు.