గుణదల మాత పండుగ: ఈసారి యూత్ పూట ఎవరు నడపాలి? వాలంటీర్ల పనుల పంపకం

యూత్ కోఆర్డినేటర్ (ప్రస్తుతం విజయవాడలో)

అందరికీ నమస్కారం. అమ్మకి కంటి ఆపరేషన్ అని వచ్చాను. ఫిబ్రవరి మొదటి వారానికల్లా డాలస్ తిరిగొచ్చేస్తాను. మా ఇల్లు గుణదల కొండకి నడిచి వెళ్ళేంత దూరం. ఇది రాస్తుంటే కింద రోడ్డు మీద పందిళ్ళకి కర్రలు దింపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడ తిరునాళ్ళు ఎప్పటిలాగే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. డాలస్‌లో మన తెలుగు కాథలిక్కుల పండుగ ఆ తర్వాత వచ్చే శనివారం. హాలు ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా మనదే, డబ్బులు కట్టేశాం.

పూజ, ఊరేగింపు, భోజనాలు పోయినేడు చేసినట్టే చేద్దాం. వాటి మీద నాకేమీ పేచీ లేదు. నా బాధంతా యూత్ పూట గురించే.

పోయినేడు ఏం జరిగిందో గుర్తుందిగా. బిర్యానీ తిన్నాక మధ్యాహ్నం రెండింటికి నలభై మంది పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి గంటన్నర ప్రసంగాలు ఇచ్చాం. మాట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు. వెనక వరుసలో సగం మంది ఫోన్లలో ఉన్నారు, మిగతా సగం నిద్రలో. అయిపోయాక ఒక అబ్బాయి నా దగ్గరికొచ్చి మర్యాదగానే అడిగాడు: "అంకుల్, మీరు చిన్నప్పుడు ఇలాగే కూర్చుని నేర్చుకున్నారా?"

లేదు. ఆ మాట వాడికి చెప్పలేకపోయాను. ఏడాదిగా అది నన్ను తొలుస్తూనే ఉంది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా విచారణ (పారిష్) ఫాదర్ గారు తిరునాళ్ళలో మంచినీళ్ళ పందిరి మా గుంపుకి అప్పజెప్పారు. డ్రముల్లో నీళ్ళు పోయడం, స్టీలు గ్లాసులు తొలవడం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి తీసుకెళ్ళడం, ఇవీ మా పనులు. మూడు రోజులు సరిగ్గా నిద్ర లేదు. ఒక రాత్రి అప్పుడే తలనీలాలు ఇచ్చి వచ్చిన ఒక పెద్దావిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని తాగి, "నీ పేరున కూడా ఒక కొవ్వొత్తి వెలిగిస్తాలే నాయనా" అంది. ఆవిడది మన మతం కూడా కాదు. తిరుపతి మొక్కు తీర్చుకుని ఇటు వచ్చానని చెప్పింది. కొండ మీద సిలువ దాకా మెట్లెక్కి, నిజంగానే వెలిగించి, దిగేటప్పుడు మళ్ళీ మా పందిరి దగ్గర ఆగి చెప్పి మరీ వెళ్ళింది. ఆ మూడు రోజుల్లో నాకెవరూ ఒక్క క్లాసు కూడా చెప్పలేదు.

2018లో యువత మీద రోములో మేత్రాణుల (బిషప్పుల) సభ జరిగింది. ఆ తర్వాత 2019లో పోపు ఫ్రాన్సిస్ గారు రాసిన 'క్రిస్తుస్ వివిత్' లేఖలో ఉన్నదీ దాదాపు ఇదే. యువజన సేవ చేయాల్సింది యువతే, పెద్దలు తోడుండాలి, దారి చూపాలి, కానీ కొత్త పద్ధతులు వెతుక్కునే స్వేచ్ఛ వాళ్ళకే ఇవ్వాలి అని. మనం చేసింది దానికి సరిగ్గా తలకిందులు: మైకు మన చేతిలో, కుర్చీలు వాళ్ళకి.

అందుకని నా ప్రతిపాదన. యూత్ పూట ఉదయానికి మారుద్దాం. 9 గంటలకి మొదలెడితే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, మా పాత విచారణ యువతతో వీడియోలో కలపొచ్చు. మధ్యాహ్నం పెడితే ఇక్కడ అర్ధరాత్రి దాటిపోతుంది. వీడియో ఇరవై నిమిషాలు మించకూడదు, ఉపన్యాసం అసలే వద్దు, ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలు అడగాలి అంతే. తొమ్మిదిన్నరకి పిల్లల ప్రశ్నలు. పదింపావుకి దివ్యసత్ప్రసాద ఆరాధన (ప్రభువు శరీరమని మనం నమ్మే అప్పం ముందు ప్రార్థన), పక్కనే పాపసంకీర్తనాలు (ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం). పదకొండున్నరకి పూజ. ఈ మొత్తం నడిపేది పిల్లలే. మంచినీళ్ళ బల్ల, పూజలో పఠనాలు, ఊరేగింపు వరుస, సౌండు కూడా వాళ్ళవే. మనం కుర్చీలు మోద్దాం.

ఎవరికి అభ్యంతరం ఉన్నా ఇక్కడే రాయండి. విడిగా ఫోన్లు చేసుకుని తర్వాత నాకు చెప్పొద్దు.

వంటల టీమ్ అక్క

టైము మారినా నాకు ఇబ్బంది లేదు. 180 మంది లెక్కనే వండిస్తున్నాం. పులిహోర, చికెన్ కూర, పప్పు, గోంగూర పచ్చడి, పెరుగు. ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం ఇంకా రాలేదు కాబట్టి మాంసం గురించి ఎవరూ ధర్మసందేహాలు అడగొద్దు. కారం మాత్రం రెండు రకాలు: ఒకటి గుంటూరు వాళ్ళకి, రెండోది ఇక్కడ పుట్టిన వాళ్ళకి. గిన్నెల మీద చీటీలు అంటిస్తాం, పోయినేడు లాగా ఏడవకండి.

హాలు, సౌండు

ఒక ముఖ్య విషయం. హాల్లో నిప్పు వెలిగించడానికి వీల్లేదు. బ్యాటరీ కొవ్వొత్తులే. ఆరుబయట మాత గుహ దగ్గర మాత్రం నిజమైనవి వెలిగించుకోవచ్చు. అన్నా, గుణదల నుంచి మైనం కొవ్వొత్తులు తెస్తే రెండు డజన్లు చాలు.

ఫిరంగిపురం బాబాయ్

బాబూ, నువ్వు రాసింది చదివాను, బాగానే ఉంది. కానీ ఒక మాట ఒప్పుకోలేను.

మా ఊళ్ళో మాకు ఉపదేశి ఉండేవాడు. సాయంత్రం గుడి వరండాలో చాప మీద కూర్చోబెట్టి జపాలన్నీ కంఠస్థం చేయించేవాడు. పరలోక జపం తప్పితే మళ్ళీ మొదటి నుంచి. జూలైలో కార్మెల్ మాత పండుగ వచ్చేసరికి జపమాల మొత్తం నోటికి రావాలి. అప్పుడు మాకు ఒళ్ళుమంటగా ఉండేది. నాలుగేళ్ళ క్రితం గుండె ఆపరేషన్‌కి నన్ను లోపలికి తోసుకెళ్తుంటే నోటికొచ్చింది మాత్రం అదే, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని. ఆలోచించి అన్నది కాదు, దానంతటదే వచ్చింది. నర్సు ఏదో అడుగుతున్నానేమో అనుకుంది.

నా మనవడికి ఒక్క జపం కూడా తెలుగులో రాదు. ప్రశ్నలు అడగమంటే వంద అడుగుతాడు. ప్రశ్నలు మంచివే, కాదనను. కానీ చేతిలో ఏమీ లేనివాడు ఆపదలో దేన్ని పట్టుకుంటాడు? అది చెప్పండి.

యూత్ కోఆర్డినేటర్

బాబాయ్ గారూ, దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. నిజానికి నేను రాసినదాంట్లో ఈ లోటు ఉంది. నీళ్ళ పందిరి గురించి గొప్పగా చెప్పుకున్నాను కానీ, ఆ రాత్రి నిద్ర ఆపుకోవడానికి మేం చేసింది వంతులవారీగా జపమాల చెప్పడమే. అది మాకు ముందే వచ్చు కాబట్టి చెప్పగలిగాం.

ఇలా చేద్దామా? ఆరాధనకి ముందు జపమాలలో ఒక్క రహస్యం, అంటే ఒక భాగం, పది మంగళవార్త జపాలు (మీరన్న ఆ మరియమ్మ జపమే), పూర్తిగా తెలుగులో. చెప్పేది పిల్లలు. తెలుగు చదవడం రానివాళ్ళకి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చిన్న కార్డులు అచ్చు వేయిద్దాం. కానీ చదివితే పలుకు రాదు, వినాలి. మీరు మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. మీ గొంతే కావాలి. మూడు వారాలు కారులో వింటే వచ్చేస్తుంది.

ఒక్క షరతు. తప్పు పలికితే మధ్యలో ఆపొద్దు.

పిల్లల భద్రత చూసే వదిన

మంచి మాటల మధ్య చేదు మాట నాదే. 2002లో అమెరికా మేత్రాణులు పెట్టిన నియమాల ప్రకారం, గుడి కార్యక్రమాల్లో పిల్లలతో పనిచేసే ప్రతి పెద్దవాళ్ళకీ నేపథ్య పరిశీలన జరగాలి, శిక్షణ కూడా పూర్తవ్వాలి. మన ఇంటి పిల్లలేగా అంటే కుదరదు. ఇప్పటికి తొమ్మిది మందికే ఉంది. మిగతావాళ్ళు ఈ నెలాఖరు లోపు చేయకపోతే వంటగదిలో ఉల్లిపాయలు కోయాలి, పిల్లల గదిలోకి రానివ్వను.

ఏ గదిలోనైనా పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు. పాపసంకీర్తనాలు అందరికీ కనిపించే చోట, మాటలు వినపడనంత దూరంలో. విజయవాడ వీడియో కాల్ రికార్డు చేయకూడదు, అక్కడా ఇక్కడా పిల్లల ముఖాలుంటాయి.

ఇంకోటి, పాపసంకీర్తనానికి మన తెలుగు ఫాదర్ గారు ఒక్కరే చాలరు. పిల్లలు ఆయన దగ్గరికి వెళ్ళరు. ఆయన మన ఇళ్ళకి భోజనానికి వస్తారు కదా! పరిచయం లేని ఫాదర్ గారే కావాలి వాళ్ళకి. పక్క గుడి నుంచి ఇంకొకరిని అడుగుదాం.

ఒక తల్లి

ఎక్కడ అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. మా వాడు కాలేజీకి వెళ్ళి ఆరు నెలలైంది. పూజకి వెళ్ళావా అంటే మొదట్లో వెళ్ళానన్నాడు, తర్వాత మాట మార్చాడు, క్రిస్మస్‌కి ఇంటికొచ్చి "నాకేమీ అనిపించడం లేదమ్మా" అన్నాడు. వాళ్ళ నాన్న గట్టిగా అరిచారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వాణ్ణి ఈ పండుగకి తీసుకురావాలా, వద్దా? తీసుకొస్తే ఎవరైనా వాడితో మాట్లాడతారా?

యూత్ కోఆర్డినేటర్

అక్కా, రమ్మని పిలవండి, బలవంతం చేయకండి. వస్తే "వాడితో మాట్లాడండి" అని మాకు ఎవరికీ సైగ చేయకండి, వాడు పది అడుగుల దూరం నుంచే పసిగడతాడు. వాణ్ణి ప్రొజెక్టర్ దగ్గర పెడదాం, నిజంగానే మనిషి కావాలి. అబద్ధం చెప్పకుండా మీతో ఉన్నమాట చెప్పాడు చూడండి, దాన్ని నేనైతే మంచి సంగతే అనుకుంటాను.

అన్నయ్యకి కూడా ఒక మాట. మనం ఇంట్లో కార్లో అక్యూటిస్ ఫొటో పెట్టి "చూడు, వాడు కంప్యూటర్‌తో ఏం చేశాడో, నువ్వేం చేస్తున్నావో" అని వాయిస్తున్నాం. పదిహేనేళ్ళకే 2006లో లుకేమియాతో పోయిన పిల్లవాడు ఆయన. దివ్యసత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ చేశాడు. 2025 సెప్టెంబర్ 7న పునీతుడు (సెయింట్) అయ్యాడు. పిల్లలకి తోడుండాల్సిన పునీతుణ్ణి మనం బెత్తంలా వాడుతున్నాం. నా ఇంట్లోనూ ఇదే జరిగింది, మా అమ్మాయే చెప్పింది.

అసలు లోపం మన సంఘంలోనే ఉంది. హైస్కూలు అయ్యేదాకా పిల్లల వెంట పడతాం, కాలేజీకి వెళ్ళాక పేర్లు కూడా మర్చిపోతాం. చాలా యూనివర్సిటీల దగ్గర న్యూమన్ సెంటర్లని కాథలిక్ విద్యార్థుల కేంద్రాలున్నాయి. ఆదివారం పూజ, భోజనం, స్నేహితులు, అన్నీ అక్కడే. ఆగస్టులో వెళ్ళబోయే పిల్లల జాబితా మే నెలలోనే తీసుకుని, వాళ్ళు సరేనంటే, అక్కడివాళ్ళకి ముందుగా ఒక ఉత్తరం రాద్దాం. ఈ పని ఎవరు తీసుకుంటారు? నాకు ఒక్క మనిషి చాలు.

హాలు, సౌండు

నేను తీసుకుంటాను. మా అబ్బాయి కూడా ఈ ఏడాదే వెళ్తున్నాడు.

యూత్ టీమ్ నుంచి (పదిహేడేళ్ళు, నేను చెప్తుంటే అమ్మ టైప్ చేస్తోంది)

అందరికీ నమస్తే. ప్రశ్నల డబ్బా పోయిన వారం క్లాసులో పెట్టాం, పేర్లు రాయక్కర్లేదన్నాం. 23 చీటీలు వచ్చాయి. కొన్ని చెప్తాను. "దేవుడికి అన్నీ తెలిస్తే ఫాదర్‌కి ఎందుకు చెప్పాలి?" "నా బెస్ట్ ఫ్రెండ్ హిందువు, తను పరలోకానికి వెళ్ళదా?" "తాతయ్య కోసం అంత ప్రార్థన చేశాం కదా, మరి ఎందుకు చనిపోయారు?" "మా అమ్మానాన్న గుడిలో ఒకలా, కారులో ఇంకోలా ఉంటారెందుకు?" చివరిదానికి నలుగురు టిక్కులు పెట్టారు.

జవాబులు ఫాదర్ గారు, సిస్టర్ గారు చెప్తే బాగుంటుంది. తెలియకపోతే తెలియదు అని చెప్పమనండి, మేమేమీ అనుకోం. తల్లిదండ్రులు గదిలో ఉండొద్దు. వదినగారు చెప్పిన ఇద్దరు పెద్దవాళ్ళు సరే, కానీ మా ఇద్దరు ఎవరో మేమే ఎంచుకుంటాం.

ఆరాధనలో అరగంట నిశ్శబ్దం కావాలి. కీబోర్డు వద్దు, మైకులో ప్రార్థన వద్దు. పిల్లలు కూర్చోలేరని పెద్దవాళ్ళు అంటున్నారట. మాకు స్కూలు, టెస్టులు, ఈత, పియానో, వీటన్నిటి మధ్య ఎవరూ మాట్లాడని అరగంట ఎక్కడా దొరకదు. మధ్యాహ్నం డాన్సులు ఉండనివ్వండి, అవి మాకిష్టమే.

2027 ఆగస్టులో సియోల్‌లో కాథలిక్ యువత అంతా కలిసే ప్రపంచ యువజన దినోత్సవానికి వెళ్ళాలని మేం ఆరుగురం అనుకుంటున్నాం. ఆ డబ్బుల కోసం పండుగలో నిమ్మకాయ షర్బత్ అమ్ముకోవచ్చా? మంచినీళ్ళు మాత్రం ఉచితమే.

యూత్ కోఆర్డినేటర్

అమ్ముకోండమ్మా. అరగంట నిశ్శబ్దం ఖాయం, కీబోర్డు అన్నకి నేను చెప్పుకుంటాను. 23 చీటీలూ ఉన్నవి ఉన్నట్టే ఫాదర్ గారికి ఇవ్వండి, మాకు ముందు చూపించొద్దు. ముఖ్యంగా కారు ప్రశ్న. దాని గురించి ఇక్కడ నేను ఇంకేమీ మాట్లాడను, మా ఇంట్లోవాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతున్నారు.

ఇక్కడ నుంచి తెస్తున్నవి: జపమాలలు అరవై, చిన్న మాత స్వరూపాలు పది, కొవ్వొత్తులు రెండు డజన్లు. సూట్‌కేసులో ఇంక చోటు లేదు, పచ్చళ్ళ ఆర్డర్లు పంపకండి.

ఫిరంగిపురం బాబాయ్

రికార్డు చేసి పంపాను. మూడుసార్లు చేయాల్సొచ్చింది, మధ్యలో దగ్గు. మనవడు పక్కనే కూర్చుని నాలుగు మాటలు పట్టుకున్నాడు, పలుకు ఘోరంగా ఉంది, అయినా ఆపలేదు.

నాకు కూడా ఏదైనా పని చెప్పండి. బరువులు మోయలేను. మంచినీళ్ళ బల్ల దగ్గర ఒక కుర్చీ వేస్తే గ్లాసులు అందిస్తాను.

యూత్ కోఆర్డినేటర్

ఆ బల్ల పిల్లలది బాబాయ్ గారూ. వాళ్ళనే అడగాలి.

యూత్ టీమ్ నుంచి

సరే తాతయ్యా. మీకు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. లేటుగా రావద్దు ప్లీజ్.