ట్రేడ్ థియరీలో రికార్డో దగ్గరే ఆగిపోయా, టారిఫ్‌కీ కోటాకీ తేడా కూడా చెప్పండి

ప్రశ్న:
ఎమ్మే ఎకనామిక్స్‌లో ఇంటర్నేషనల్ ట్రేడ్ పేపర్ ఈ సెమిస్టర్‌లోనే మొదలైందండి. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన ఉదాహరణలో ఒక్కో యూనిట్ చేయడానికి పోర్చుగల్‌కి బట్టకి 90 మంది, వైన్‌కి 80 మంది చాలు, ఇంగ్లండ్‌కేమో బట్టకి 100, వైన్‌కి 120 కావాలి. రెండింట్లోనూ పోర్చుగలే ముందుంటే ఇంగ్లండ్ బట్ట కొనాల్సిన ఖర్మ దానికేంటి? ఇంకోటి, దిగుమతుల మీద టారిఫ్ (సుంకం) వేసినా కోటా (ఇంతకు మించి రాకూడదనే పరిమితి) పెట్టినా పుస్తకంలో సప్లై, డిమాండ్ డయాగ్రమ్ ఒకేలా ఉంది, మరి విడివిడిగా ఎందుకు చదవాలి?

జవాబు 1:
ఎవరికి తక్కువ మంది పడుతున్నారు అని చూడటం ముందు ఆపేయండి, అందరూ అక్కడే ఇరుక్కుంటారు. ఒకటి చేయాలంటే రెండోది ఎంత వదులుకోవాలి, లెక్కంతా అదే. ఒక యూనిట్ బట్ట నేస్తే పోర్చుగల్‌కి 90/80, అంటే 1.125 యూనిట్ల వైన్ పోతుంది, ఇంగ్లండ్‌కి 100/120, అంటే సుమారు 0.83 మాత్రమే. ఇప్పుడు ఒకటికి ఒకటి మార్చుకున్నారనుకోండి, పోర్చుగల్ 80 మంది చేసిన వైన్ ఇచ్చి, సొంతంగా నేస్తే 90 మంది పట్టే బట్ట తెచ్చుకుంటుంది, ఇంగ్లండ్ 100 మంది పని ఇచ్చి 120 మంది పని తెచ్చుకుంటుంది. మార్పిడి రేటు, అంటే ఒక యూనిట్ బట్టకి ఇచ్చే వైన్, 0.83కీ 1.125కీ మధ్య ఎక్కడున్నా ఇద్దరికీ మిగులుతుంది, ఎవరికి ఎక్కువ అనేది ఆ రేటుని బట్టి. నంబర్లు మార్చి మార్చి కాగితం మీద వేసి చూడండి, ఊరికే చదివితే ఎక్కదు.

జవాబు 2:
లెక్క కరెక్టే, కానీ ఇద్దరికీ లాభం అంటే మొత్తంగా దేశానికి అని, అందులో ప్రతి మనిషికీ అని కాదు. ఇది పక్కన పెట్టేసి పాలసీ మాట్లాడేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది. రికార్డో మోడల్లో లేబర్ ఒక్కటే కాబట్టి నష్టపోయేవాళ్ళు కనపడరు. అందుకే 1941 నాటి స్టోల్పర్, శామ్యూల్సన్ థియరమ్ (ట్రేడ్ వల్ల దేశంలో ఒక వర్గం ఆదాయం పెరిగితే ఇంకో వర్గానిది తగ్గుతుందని చెప్పేది) తప్పకుండా చదవండి, ఆ తర్వాత ఆటర్, డోర్న్, హాన్సన్ 2013లో రాసిన పేపర్ చూడండి, చైనా దిగుమతుల పోటీ ఎక్కువ తగిలిన అమెరికా ప్రాంతాల్లో ఉద్యోగాలు ఎలా పోయాయో అందులో ఉంటుంది.

జవాబు 3:
కోటా సంగతి నేను చెప్తా. డయాగ్రమ్‌లో రెండు ట్రయాంగిల్స్, అంటే ఎవరికీ దక్కని నష్టం, ఎలాగూ దండగే, మధ్యలో ఉన్న రెక్టాంగిల్, అంటే దిగుమతైన సరుకు మీద పెరిగిన ధర మొత్తం, ఎవరి జేబులోకి వెళ్తుందన్నదే ప్రశ్న. టారిఫ్ అయితే ప్రభుత్వానికి, కోటా అయితే లైసెన్స్ చేతిలో ఉన్నవాడికి. కోటా లాంటిదే ఒకటి చెప్తా, 1981లో అమెరికా ఒత్తిడి మీద జపాన్ అక్కడికి పంపే కార్లని ఏడాదికి 16.8 లక్షలకి పరిమితం చేసుకుంది, సరుకు తగ్గి రేట్లు పెరిగాయి, ఆ పెరిగిన డబ్బు జపాన్ కంపెనీలకే చేరింది. ఇంకో తేడా, డిమాండ్ పెరిగితే టారిఫ్ కింద దిగుమతి పెరుగుతుంది, కోటా కింద ధరే పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, రెక్టాంగిల్ ఇప్పుడు అర్థమైంది. మరి టారిఫ్ వేస్తే ఎక్స్‌పోర్టర్ రేటు తగ్గించుకోడా?

జవాబు 3:
టారిఫ్ వేసేది పెద్ద దేశమైతే ఎక్స్‌పోర్టర్ కొంత తగ్గించుకోవచ్చు, థియరీ అదే చెప్తుంది. కానీ 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే వాటి ధర దాదాపు 12 శాతం పెరిగింది, సుంకమే లేని డ్రయ్యర్లు కూడా పెరిగాయి, రెండూ జతగా కొంటారు కాబట్టి కంపెనీలు వాటి మీదా వేసేశాయి. ఆ ఏడాది మిగతా టారిఫ్‌ల భారం కూడా దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని ఆర్థికవేత్తలు అమిటి, రెడ్డింగ్, వైన్‌స్టీన్ లెక్క తేల్చారు, తర్వాత చూస్తే స్టీల్‌లో మాత్రం విదేశీ కంపెనీలు కొంత తగ్గించుకున్నాయి.