క్షేత్ర శిక్షణలో స్వీయ నిర్ణయ హక్కును గౌరవించే సామర్థ్యాన్ని ఎలా అంచనా వేస్తారు?

సోషల్ వర్క్ విద్యార్థుల క్షేత్ర శిక్షణను పర్యవేక్షించేవారు దయచేసి సలహా ఇవ్వండి. సమస్యను అంచనా వేయడం, ప్రణాళిక రాయడం వంటివి నివేదికల్లో కనిపిస్తాయి కాబట్టి మార్కులు వేయడం కష్టం కాదు. నన్ను వేధిస్తున్నది స్వీయ నిర్ణయ హక్కును, అంటే తన జీవితం గురించి తానే నిర్ణయించుకునే హక్కును, గౌరవించే సామర్థ్యం. సోషల్ వర్క్‌కు 2014లో ఇచ్చిన అంతర్జాతీయ నిర్వచనం మానవ హక్కులను ఈ వృత్తికి మూలసూత్రంగా చెప్పింది. కానీ నా దగ్గర శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని, హింస భరిస్తూ కూడా ఇల్లు వదలనంటున్న మహిళకు పదేపదే నచ్చజెబుతోంది. ఆ విద్యార్థిని తపన నిజమైనది, దాన్ని చల్లార్చడం నాకిష్టం లేదు. సంభాషణను పూసగుచ్చినట్టు రాయించి కలిసి చదువుతున్నాం. అయినా రాతలో స్వరం, మౌనం దొరకవు. ప్రాణాపాయం ఉన్నప్పుడు బాధితురాలి నిర్ణయాన్ని ఎంతవరకు గౌరవించాలో మీరెలా నేర్పుతారు? విద్యార్థి అది నేర్చుకున్నట్టు దేన్ని బట్టి నిర్ధారిస్తారు?