చర్చ: ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్‌ను కొత్త వలంటీర్లకు అప్పగించవచ్చా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

“కోడ్ రాయడం రాదా? అయితే డాక్యుమెంటేషన్ రాయండి” అని కొత్త వలంటీర్లకు చెప్పడం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో, పరిపాటి అయిపోయింది. ఈ సలహా, ప్రోగ్రామ్‌ను ఎలా వాడాలో వివరించే ఆ రాతపనిని చిన్నచూపు చూస్తుందనీ, చివరికి వాడుకరులకే నష్టం చేస్తుందనీ నా అభిప్రాయం. ఇటువంటి ప్రాజెక్టుల కోడ్‌ను ఉంచే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2017లో నిర్వహించిన సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన, అయోమయపెట్టే డాక్యుమెంటేషన్‌ను సమస్యగా పేర్కొన్నారు. ఇంత పెద్ద లోటును పూడ్చే పనిని, ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతుందో తెలియనివారికి వదిలేయడం సరికాదు. వెబ్‌సైట్లు నిర్మించడానికి ప్రోగ్రామర్లు వాడే జాంగో ప్రాజెక్టులో కొత్త సదుపాయాన్ని చేర్చాలంటే కోడ్‌తో పాటు పరీక్షలనూ డాక్యుమెంటేషన్‌నూ సమర్పించాలి. ఆ నియమమే అన్ని చోట్లా ఉండాలి.

లిబ్రేఆఫీస్ వాడే సభ్యురాలు:

జాంగో నియమం మంచిదే కానీ, అక్కడ రాసేవారూ చదివేవారూ ప్రోగ్రామర్లే. ఉత్తరాలు, నివేదికలు తయారుచేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ సంగతి వేరు. తెలుగులో ఒక పొడవైన నివేదిక తయారుచేస్తూ, స్టైల్‌లో (అక్షరాల రూపాన్ని ఒకేచోట నిర్ణయించే అమరికలో) ఫాంటు ఎన్నిసార్లు మార్చినా అక్షరాలు మారకపోవడంతో నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటు, తెలుగు, హిందీ, అరబిక్ వంటి ‘కాంప్లెక్స్’ లిపులకు మరొక ఫాంటు విడివిడిగా ఉంటాయనీ, అక్షరాల పరిమాణం కూడా వేరుగానే పెట్టాలనీ ఆ తర్వాతే తెలిసింది. ఆ ఏర్పాటు చేసినవారికి ఇది చెప్పనక్కరలేని విషయంగా తోచవచ్చు. తెలుగులో టైపు చేసేవారికి మాత్రం అన్నిటికన్నా ముందు తెలియవలసినది ఇదే. ఎక్కడ తడబడ్డామో గుర్తున్నంతకాలమే అటువంటి పేజీ రాయగలం, నాలుగేళ్లు వాడాక ఆ తడబాటునే మరచిపోతాం.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

తడబడినవారికే ఆ లోటు కనిపిస్తుందని ఒప్పుకుంటున్నాను. అయితే లోటును గుర్తించడం వేరు, దాని కారణాన్ని సరిగ్గా వివరించడం వేరు. పైగా లిబ్రేఆఫీస్ ఏడాదికి రెండు పెద్ద విడుదలలు తెస్తుంది. ఉత్సాహంగా ఒక అధ్యాయం రాసి వెళ్లిపోయినవారి సూచనలు ఏడాది తిరిగేసరికి వాడుకరిని తప్పుదారి పట్టించవచ్చు.

లిబ్రేఆఫీస్ వాడే సభ్యురాలు:

అందుకే లిబ్రేఆఫీస్ వాడుక గైడ్లలో ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూస్తారు, అందరి పేర్లూ అందులోనే ఉంటాయి. నేను కోరేది ఇంకొంచెం ఎక్కువ: కొత్తవారు రాసినదాన్ని ఆ భాగం తెలిసిన డెవలపర్ చదివి సరిదిద్దాలి, ఆ శ్రమను కోడ్ సమీక్షతో సమానమైన పనిగా ప్రాజెక్టు గుర్తించాలి. అటువంటి ఏర్పాటు లేని చోటికి కొత్తవారిని పంపడాన్ని నేనూ సమర్థించను.