రెండో సిలిండర్ మిస్సింగ్, ప్లగ్ గుంతలో ఆయిల్: కాయిల్ మార్చాలా, ప్యాకింగ్ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, ఒక్కో ప్లగ్ మీద దానికి స్పార్క్ కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి కూర్చునే రకం. ఈ మధ్య ఐడ్లింగ్‌లో బండి వణుకుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ముందు బండిని దాటేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు సరికదా జర్కులు ఇస్తోంది. చెక్ ఇంజిన్ లైటు మామూలుగా వెలుగుతూనే ఉంటుంది, గట్టిగా తొక్కితే మాత్రం ఆరుతూ వెలుగుతోంది. స్కానర్ పెడితే పి0302 (రెండో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదు), దాంతో పాటు పి0171 (మిశ్రమంలో పెట్రోలు తక్కువ) చూపించింది. రెండో కాయిల్ పైకి తీస్తే దాని రబ్బరు బూట్ నిండా ఆయిల్. గుంతలో ప్లగ్ కనబడనంతగా ఆయిల్ నిలిచి ఉంది. ఒక మెకానిక్ కాయిల్ పోయిందంటున్నారు. ఇంకొకరు పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే అంటున్నారు. దేన్నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు:
ముందుగా ఒక మాట. లైటు ఆరుతూ వెలుగుతోందంటే బండిని అలా నడపకండి. నిలకడగా వెలిగే లైటు, కంప్యూటర్ ఏదో లోపాన్ని నమోదు చేసుకుందని చెబుతుంది. ఆరుతూ వెలిగేది మాత్రం పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేసే స్థాయిలో మిస్‌ఫైర్ ఇప్పుడే జరుగుతోందని చెబుతుంది. సిలిండర్‌లో కాలకుండా మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి సిరామిక్ దిమ్మ కరిగితే ఖర్చు ఈ రిపేరుకు ఎన్నో రెట్లవుతుంది.

ఇక రింగుల మాట. ఇంజిన్ దించే నిర్ణయం ఇప్పుడే తీసుకోవద్దు. తేలాల్సింది ఒక్కటే: ఆ ఆయిల్ ప్లగ్‌ను పైనుంచి చేరిందా, కిందనుంచి చేరిందా? మీరు చెప్పినదాన్ని బట్టి పైనుంచే అనిపిస్తోంది. ప్లగ్ గుంత ఒక గొట్టం లాంటిది, ఇంజిన్ పైమూత (ట్యాపెట్ కవర్) మధ్యలోంచి కిందికి దిగుతుంది. కవరూ ఆ గొట్టమూ కలిసే చోట గుండ్రటి రబ్బరు సీలు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి తగిలి అది గట్టిపడి సాగే గుణం కోల్పోతుంది. క్యామ్ షాఫ్ట్ చుట్టూ చిమ్మే ఆయిల్ అక్కడ సందు దొరికి గుంతలోకి జారుతుంది. రింగులు పోతే ఆయిల్ పిస్టన్ పక్కనుంచి పైకొచ్చి సిలిండర్ లోపల కాలుతుంది తప్ప ఈ గుంతలోకి రాదు.

ఇంజిన్ ఆయిల్ కరెంటును సులభంగా పోనిచ్చే పదార్థం కాదు. అందుకే లీకు మొదలైన రోజే మిస్సింగ్ రాదు. ఆయిల్‌లో నానీ నానీ బూట్ రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి పగులుతుంది. అప్పుడు వేల వోల్టుల స్పార్క్ ప్లగ్ గ్యాప్ దాకా వెళ్లకుండా ఆ పగులులోంచి పక్కనున్న హెడ్ లోహానికి దూకేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, గ్యాప్ దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. దొంగదారి అంతకంటే సులువుగా కనిపిస్తుంది. ఎత్తు మీద మీ బండి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇందుకే.

పి0171 చూసి కంగారుపడొద్దు. మండని సిలిండర్ పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్‌ను కూడా బయటికి పంపుతుంది. ఆక్సిజన్ సెన్సార్‌కు తెలిసేది ఆ ఆక్సిజనే కాబట్టి మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెప్పేస్తుంది. మిస్‌ఫైర్ తగ్గాక కూడా ఆ కోడ్ తిరిగొస్తే అప్పుడు గాలి లీకు వెతకాలి.

అడిగినవారు:
చాలా స్పష్టంగా చెప్పారండీ. మరి ప్లగ్ విప్పి చూడనా? విప్పితే ఆ ఆయిలంతా సిలిండర్‌లోకి పోదా?

జవాబు:
పోతుంది, అందుకే ఆయిల్ తీశాకే ప్లగ్‌కు పాన వేయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. వేడి అల్యూమినియం హెడ్‌లో ప్లగ్ విప్పితే మరలు చెడిపోయే ప్రమాదం ఉంది. పెద్ద సిరంజికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి గుంతలోని ఆయిల్ లాగేయండి. మిగిలింది నూగు రాలని గుడ్డను పొడవాటి స్క్రూడ్రైవర్‌కు చుట్టి తుడవండి. చివర్లో బ్రేక్ క్లీనర్ కొంచెం కొట్టి మళ్లీ తుడవండి. అది త్వరగా అంటుకునే ద్రవం, బ్యాటరీ వైరు ముందే తీసేసి, పూర్తిగా ఆరే దాకా ఆగండి. కంప్రెసర్ గాలి కొడితే కళ్లద్దాలు తప్పనిసరి. ఆయిలూ ఇసుకా నేరుగా మొహం మీదికి లేస్తాయి.

ఇంత చేసినా ఒకటి రెండు చుక్కలు లోపలికి పోతే భయం లేదు, కాసేపు నీలం పొగ వచ్చి పోతుంది. ఎక్కువగా పోయిందనిపిస్తే మాత్రం ప్లగ్ బిగించి స్టార్ట్ చేయకండి. ద్రవం అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. నాలుగు ప్లగ్‌లూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజూ కాయిల్ కనెక్టర్లూ తీసేసి, గుంతల మీద గుడ్డ కప్పి స్టార్టర్‌తో కొద్దిసేపు తిప్పండి, బయటికొచ్చేస్తుంది.

ప్లగ్ బయటికొచ్చాక రెండు కొసలూ విడివిడిగా చూడండి. పైన తెల్ల పింగాణీ, పాన పట్టే షట్కోణం తడిగా ఉండి, కింద ఎలక్ట్రోడ్ పొడిగా లేత గోధుమరంగులో ఉంటే లీకు పైదే. ఎలక్ట్రోడ్ కొసే నల్లగా, జిడ్డుగా, ఆయిల్ తడితో ఉంటే సంగతి వేరు. వాల్వ్ సీల్సో రింగులో అని ఆలోచించాలి, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ (కవర్ అంచున లీకు ఆపే రబ్బరు) ఎన్ని మార్చినా అది తగ్గదు. పింగాణీ మీద పెన్సిల్ గీత లాంటి సన్నటి నల్లగీత ఉందేమో కూడా చూడండి. స్పార్క్ పక్కదారి పట్టిన జాడ అది. గీత పడ్డ ప్లగ్‌ను ఎంత తుడిచినా స్పార్క్ మళ్లీ ఆ గీత వెంటే పోతుంది, మార్చాల్సిందే.

కాయిల్ సంగతి తేల్చడానికి రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి, కాసేపు ఐడ్లింగ్‌లో ఉంచండి. ప్లగ్‌లు మాత్రం వాటి చోటే ఉండాలి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు. కోడ్ పి0303 (మూడో సిలిండర్ మిస్‌ఫైర్) అయితే లోపం కాయిల్‌లోనో దాని బూట్‌లోనో ఉంది. పి0302గానే ఉంటే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ వరుసగా చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగా కాయిల్ చేత్తో పైకి లాగి చూసే పద్ధతి మాత్రం వద్దు. షాక్ కొడుతుంది, కాయిల్ కూడా పోవచ్చు.

ఇంకో సభ్యురాలు:
మా బండికీ ఇదే జరిగింది. కాయిల్ మార్చారు, కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే సిలిండర్. మళ్లీ కొత్త కాయిల్ వేశారు, మళ్లీ అదే. గుంతలో ఆయిల్ ఉందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. అడిగినవారు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: లీకు ఆపకుండా కాయిల్ వేస్తే కొత్త బూట్ కూడా ఆయిల్‌లో నానడమే.

అడిగినవారు:
మీరు చెప్పినట్టే చేశాను. ప్లగ్ పైభాగం తడి, ఎలక్ట్రోడ్ పొడిగా ఉంది. పింగాణీ మీద నల్లగీత ఉంది! కాయిల్ మారిస్తే కోడ్ పి0303కి మారింది. బూట్ అడుగున వేలితో తాకితే జిగటగా సాగుతోంది. అంటే ప్యాకింగ్, ఆ కాయిల్, ప్లగ్‌లు. ప్యాకింగ్ నేనే వేయొచ్చా?

జవాబు:
ఇంజిన్ దించే పని తప్పిందండీ, సంతోషం. ఓపిక ఉంటే మీరే చేయొచ్చు. కొనేటప్పుడు కవర్ చుట్టూ వచ్చే ప్యాకింగ్‌తో పాటు ప్లగ్ గొట్టాల సీల్స్ కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. మీ లీకు అక్కడిదే కాబట్టి బయటి ప్యాకింగ్ ఒక్కటీ మారిస్తే ప్రయోజనం లేదు. కొన్ని ఇంజిన్లలో ఆ సీల్స్ కవర్‌లోనే కలిసిపోయి ఉంటాయి, అప్పుడు కవర్ మొత్తం మార్చాలి. ఇంకొన్నింటిలో గొట్టం అడుగున ఓ-రింగు కూడా ఉంటుంది.

ప్యాకింగ్ కూర్చునే రెండు ముఖాలూ శుభ్రంగా, పొడిగా ఉండాలి. పాత ముక్కలు గీకడానికి ప్లాస్టిక్ పలక వాడండి, ఇనుముతో గీకితే అల్యూమినియం మీద పడే గాట్లలోంచే మళ్లీ కారుతుంది. సీలెంట్ చుట్టూ పూయకండి. టైమింగ్ కవర్ హెడ్‌ను కలిసే మూలల్లో, మీ మాన్యువల్ చెప్పిన చోట చిన్న చుక్క చాలు. ఎక్కువైతే ఆ ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. బోల్టులు మధ్యనుంచి బయటికి, అటూ ఇటూ మార్చుకుంటూ, రెండు దఫాలుగా బిగించండి. చాలా బండ్లలో వీటి టార్క్ 10 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ ఉంటుంది, అంటే చాలా తక్కువ. మీ ఇంజిన్ అంకె మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్ వాడండి. బలమంతా ఉపయోగించి బిగిస్తే ప్లాస్టిక్ కవర్ వంకరపోతుంది, కొత్త ప్యాకింగ్ ఉన్నా కారుతుంది. ప్లగ్‌లు మొదటి మరలు చేత్తోనే తిప్పండి. బూట్ మూతి లోపల కరెంటును పోనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయండి.

ఇది చదివేవాళ్లంతా పీసీవీ వాల్వ్ సంగతి కూడా చూడాలని నా కోరిక. రింగుల పక్కనుంచి కొద్దిగా వాయువు ఎప్పుడూ ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేసులోకి దిగుతుంటుంది. దాన్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి) లాగేది ఈ వాల్వే. అది మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీలునల్లా నెట్టుకుని ఆయిల్ బయటికొస్తుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత వదులు చేసి చూడండి. లోపలినుంచి గాలి బలంగా ఎగదన్నుతుంటే వాల్వ్, దాని గొట్టాలు పరీక్షించాలి. విప్పిన వాల్వ్ ఊపితే లోపల టకటకమనే రకమైతే ఆ చప్పుడు రావాలి. అవన్నీ శుభ్రంగా ఉన్నా ఒత్తిడి తగ్గకపోతే అప్పుడు రింగుల కోసం కంప్రెషన్ టెస్టు చేయించండి.

ఇంకో సభ్యుడు:
నాది బైకు, వర్షంలో తడిస్తే మిస్సింగ్. ప్లగ్ గుంతలో ఆయిల్ లేదు, నీళ్లున్నాయి. ఇదీ అదేనా?

జవాబు:
స్పార్క్ పక్కదారి పట్టడం అదే, కారణం వేరు. చాలా బైకుల్లో ప్లగ్ గుంతలోని నీళ్లు పోవడానికి హెడ్ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. బురద పట్టి మూసుకుపోతే నీళ్లు నిలుస్తాయి. ప్లగ్ బిగించి ఉండగానే సన్నటి తీగతో ఆ రంధ్రం తెరవండి, గాలి కొట్టి ఆరబెట్టండి. తర్వాత ప్లగ్ క్యాప్ రబ్బరు పగిలిందేమో చూడండి, పగిలితే మార్చేయండి.

అడిగినవారు:
సీల్స్, ప్యాకింగ్, కాయిల్, ప్లగ్‌లు వేశాను. పీసీవీ గొట్టం మడ్డితో సగం మూసుకుపోయి ఉంది, అదీ మార్చాను. ఐడ్లింగ్ నిలకడగా ఉంది, పి0171 కూడా తిరిగి రాలేదు. మిగతా మూడు బూట్లు పొడిగానే ఉన్నాయి, వాటిని అలాగే ఉంచనా?

జవాబు:
పగుళ్లు, జిగట లేకపోతే ఉంచండి. ఇంజిన్ కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాక నాలుగు కాయిల్స్ తీసి టార్చి వేసి గుంతలు చూడండి. రెండోదాంట్లో మళ్లీ తడి కనిపిస్తే సీలు మడతపడి కూర్చుందేమో కవర్ తీసి చూడాలి. డిప్‌స్టిక్ కూడా ఒకసారి చూసి, కారిపోయినంత ఆయిల్ నింపండి.