తిండి కలిగితె కండ... ‘కలదోయ్’నా, ‘కలుగోయ్’నా?

జోరీగ: పొద్దున్నుంచి ఒక పాదం చెవిలో రొద పెడుతోంది. ‘తిండి కలిగితె కండ’ వరకూ ధీమాగా వస్తుంది. ఆ తర్వాత కలదోయ్‌నా, కలుగోయ్‌నా? పుస్తకం అందుబాటులో లేదు. హైస్కూలు పిల్లల కోసం, తిన్నది ఒంట్లో ఏమవుతుందో నాలుగు పేజీలు రాస్తున్నాను. పైన ఈ పాదం పెడదామనుకున్నాను. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాఠ్యపుస్తకంలోని ‘స్వాంగీకరణం’ రాయడానికి చెయ్యి రావడం లేదు. ‘ఒంటబట్టడం’ అంటే తప్పా?

ముత్యాలసరం: కలదోయ్. ఇందులో చర్చకేముంది? మాత్రలు 3+4+3+4. తిండి, కలిగితె, కండ, కలదోయ్. గురజాడ గొలుసు అది, పూస తప్పదు.

మాత్రలలెక్క: తొందరపడకండి. కలుగోయ్ కూడా నాలుగు మాత్రలే. ‘కలుగునోయ్’ అంటే అయిదై గొలుసు తెగుతుంది గానీ, కలుగోయ్‌ని ఛందస్సు పట్టుకోలేదు. అది పట్టుకునేది ముందున్న ‘తె’ని. సభల్లో అందరూ ‘కలిగితే’ అని సాగదీస్తారు, అక్కడ అయిదవుతుంది. నాకు ఒళ్ళు మండేది అందుకే.

ముత్యాలసరం: అచ్చులో ఉన్నది కలదోయ్. వెంటనే ‘కండ కలవాడేను మనిషోయ్’ వస్తోందిగా! కలదు, కలవాడు. కలుగోయ్ పెడితే ఆ పట్టు జారిపోతుంది.

బండిఱ: కలదు కూడా కలుగు ధాతువు రూపమేనండీ. పాదం మొదట్లో కలిగితె, చివర్న కలదు, ధాతువు ఒకటే. తేడా అర్థంలో. కలుగు అంటే పుట్టడం, కలదు అంటే ఉండడం. తిండి వల్ల కండ పుడుతుందా, తిండి ఉన్నచోట కండ ఉంటుందా?

పేగుపురాణం: జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, కలదు పక్షాన సాక్ష్యం చెబుతాను. తిన్న ప్రోటీను ప్రోటీనుగా ఒంట్లోకి పోదు. జఠరరసం, చిన్నపేగులో క్లోమరసం దాన్ని అమైనో ఆమ్లాలుగా తెంపుతాయి. అప్పుడే ఆంత్రచూషకాలు, అంటే చిన్నపేగు లోపలి గోడ మీది సన్నటి వేళ్ళలాంటివి, లోపలికి రానిస్తాయి. ఆ ఆమ్లాలు 20 రకాలు. వాటిలో 9 ఒళ్ళు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. అన్నీ వచ్చినా, పని చెప్పని కండ పెరగదు. మిగిలినవి దాచుకోవడానికి గాదె లేదు. నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది, మిగతాది ఇంధనమో కొవ్వో అవుతుంది. కాబట్టి ‘కలుగోయ్’ అన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

మరి కలదు ఎందుకంటే: 1930లలో రుడాల్ఫ్ షోయెన్‌హైమర్ నత్రజని-15 (కాస్త బరువెక్కువ నత్రజని) గుర్తు పెట్టిన అమైనో ఆమ్లాన్ని ఎలుకలకు తినిపించాడు. అవి బరువు పెరగడం ఆగిన ఎలుకలు. ఇక కట్టుకోవాల్సింది ఏమీ లేదు కనక ఆ గుర్తు దాదాపు అంతా మూత్రంలో కనిపించాలి. తీరా చూస్తే సగానికి పైగా కణజాలాల ప్రోటీన్లలోనే దొరికింది! పైకి కదలనట్టున్న ఒళ్ళు లోపల విప్పుకుంటూ కట్టుకుంటూనే ఉంది. పెద్దవాళ్ళలో రోజూ ఇలా మారేది 250-300 గ్రాముల ప్రోటీను, తినేదానికి మూడు నాలుగు రెట్లు. రోజూ తిండి కలిగితేనే ఉన్న కండ ‘కలదు’.

మాత్రలలెక్క: గురజాడ 1915లోనే పోయారు మాస్టారూ. ఆయనకి నత్రజని-15 అంటగట్టకండి.

బండిఱ: జోరీగ గారూ, మీరు స్వాంగీకరణం దాకా వెళ్ళారు గానీ మొదటి మెట్టు ‘అఱగడం’ ఎలా రాశారు? నిఘంటువుల్లో ఇది బండి ఱ. సాదా రేఫతో అరుగు అంటే వెళ్ళడం. ఇప్పుడు అందరం ఒకే ర రాస్తున్నాం కనక తిన్నది అరిగిందో, లేచి వెళ్ళిపోయిందో తెలియదు. చెప్పు అఱిగేదీ, గంధపు చెక్క అఱిగేదీ, తిండి అఱిగేదీ ఒక్క మాటే. సంస్కృతంలో జీర్ణం కూడా అంతే, జీర్ణవస్త్రం చూడండి.

ఉపవాసి: అదొక్కటే ఊహ కాదు. గీత 15వ అధ్యాయంలో ‘పచామ్యన్నం చతుర్విధమ్’. పచ్ అంటే వండడం. వైశ్వానరుడు, అంటే కడుపులోని అగ్ని, లోపల కూర్చుని రెండోసారి వండుతున్నాడు. ఇది అఱగదీయడం కాదు, మంట.

పేగుపురాణం: మంట నిజమే, చిరునామా తప్పు. 1780లలో లావోయిజే, లాప్లాస్ కలిసి గినీపందిని మంచు గూట్లో పెట్టి, కరిగిన మంచునీ అది వదిలిన బొగ్గుపులుసు వాయువునీ పోల్చి చూశారు. శ్వాస అంటే నెమ్మదిగా జరిగే దహనం అని తేల్చారు. అయితే ఆ దహనం కడుపులో లేదు, కణాల్లో ఉంది. కడుపులోది వట్టి విడగొట్టడం, అంటే మీ బండి ఱ. గ్లూకోజు కణంలోకి వెళ్ళాక మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో కలిసి, వచ్చిన శక్తిలో కొంత కణం ఖర్చుపెట్టుకునే ఏటీపీగా కుదురుతుంది, తక్కినది వేడిగా పోతుంది. గ్రాము పిండిపదార్థానికి, గ్రాము ప్రోటీనుకి సుమారు 4 కిలోకేలరీలు, కొవ్వుకి 9. అదీ వైశ్వానరుడి పద్దు.

ఉపవాసి: పద్దులో మనసుని వదిలేశారు. తిన్న అన్నం మూడు పాళ్ళవుతుందని ఛాందోగ్య ఉపనిషత్తు. స్థూలమైనది మలం, నడిమిది మాంసం, అతి సూక్ష్మమైనది మనసు. గురజాడ నడిమి పాలు దగ్గర ఆగిపోయారు. శ్వేతకేతు కథ గుర్తుందిగా? 15 రోజులు అన్నం మానాడు, నీళ్ళు మాత్రం తాగాడు. తండ్రి వేదం చెప్పమంటే ఒక్క ముక్క తోచలేదు. తిన్నాక అన్నీ వచ్చేశాయి.

పేగుపురాణం: నీళ్ళు తాగమన్న తండ్రి గట్టివాడు, అవి మానితే 15 రోజులు గడిచేవి కావు. మెదడు ఒంటి బరువులో 2 శాతమే గానీ, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఖర్చులో 20 శాతం దానిదే. కాలేయంలో దాచిన చక్కెర నిల్వ, గ్లైకోజెన్, ఒక రోజు అటూ ఇటూగా అయిపోతుంది. తర్వాత కాలేయం కొవ్వులోంచి కీటోనులు చేసి మెదడుకి పెడుతుంది, కొంత కండ కూడా కరిగి గ్లూకోజవుతుంది. అంచేత కుర్రాడు మరీ అంత మర్చిపోయి ఉండడు.

ముత్యాలసరం: కండ కరుగుతుందన్నారు కదా, గురజాడ దగ్గరికి రండి. ఆయన ‘తింటే’ అనలేదు, ‘కలిగితె’ అన్నారు. ముందు పాదాలు ‘పాడిపంటలు పొంగిపొర్లే దారిలో నువు పాటు పడవోయ్’. తిండి దొరకడం గురించి మాట్లాడుతున్నాడాయన, నమలడం గురించి కాదు. ‘ఈసురోమని మనుషులుంటే’ అన్నప్పుడు ఆ ఈసురోమనడం...

మాత్రలలెక్క: ...3+4+3+4. తెలుసండీ.

జోరీగ: అయ్యా, నా ఒంటబట్టడం?

బండిఱ: ఒంటన్ + పట్టు. ద్రుతం, అంటే ఆ ‘న్’ మీద పరుషం ‘ప’ సరళం ‘బ’ అవుతుంది, కనక బట్టడమే. ‘ఒంటపట్టడం’ అని రాసేవాళ్ళు సంధి ఎగ్గొడుతున్నారు. పాత పద్ధతిలో అరసున్నా కూడా పెట్టాలి, ఒంటఁబట్టడం.

పేగుపురాణం: అర్థం కూడా సరిగ్గా సరిపోయింది. ‘తిన్నది అరుగుతోంది గానీ ఒంటబట్టడం లేదు’ అంటాం. జీర్ణం వేరు, స్వాంగీకరణం వేరు అని పాఠం రెండు పేజీల్లో చెప్పేది అదే. కాకపోతే శోషణం, అంటే అరిగినది పేగులోంచి లోపలికి చేరడం, నడుమ మిగిలిపోతుంది. దానికి ఇంట్లో వాడే మాట దొరకలేదు నాకు.

ఉపవాసి: ‘ఇంకడం’ అనొచ్చుగా?

బండిఱ: నీళ్ళు నేలలోకి ఇంకుతాయి. చూషకాలు ఎంచి తీసుకుంటాయని మాస్టారే చెప్పారు. ఇంకడంలో ఎంపిక ఏముంది?

జోరీగ: ‘ఒంటబట్టడం’ రాసేశాను, అరసున్నా లేకుండానే. శోషణం అలాగే ఉంచాను. పైన పాదం మాత్రం ‘తిండి కలిగితె కండ’ దాకా రాసి చుక్కలు పెట్టాను.

మాత్రలలెక్క: చుక్కలు నాలుగేగా?